నాకన్నా ముందు బయల్దేరిన సంచి

హైదరాబాదుకూ కోల్‌కతాకూ దూరం ఎంత, విమానంలో ఎంతసేపు పడుతుంది అని నేను తిరిగొచ్చాక మా కాలనీలో అడగనివారు లేరు. ఆకాశమార్గాన పన్నెండు వందల కిలోమీటర్లకు కాస్త తక్కువట. విమానం వాళ్ల లెక్కన రెండు గంటలు. రైల్లో అయితే ఒక పగలూ ఒక రాత్రీ గడిచాక కూడా ఇంకా కొంత మిగిలే ఉంటుంది. అడిగినవారికల్లా ఇవే అంకెలు చెప్పాను. అవి అబద్ధం కావు. కానీ వాటిని నమ్ముకుని గడప దాటేవారికి మరికొన్ని సంగతులు తెలిసి ఉండటం మంచిది.

నాచారం

మా చెల్లెలు రాజ్యలక్ష్మి కాపురం ఖరగ్‌పూర్‌లో. భర్తది రైల్వే ఉద్యోగం. వాళ్ల అమ్మాయి సుభద్ర పెళ్లి మాఘమాసంలో ఒక శనివారం గోధూళి లగ్నానికి నిశ్చయమైంది. మా ఇళ్లలో పెళ్లికూతుర్ని వెదురుబుట్టలో కూర్చోబెట్టి మండపంలోకి మోసుకొచ్చేది మేనమామ. ఆమె కట్టుకునే మధుపర్కాలు వచ్చేది మేనమామ ఇంటినుంచే. సుభద్రకు సొంత మేనమామను నేనొక్కడినే.

మాది విజయనగరం వైపు. తాతగారి రోజుల్లో మా వాకిట్లోకి చెప్పులు వేసుకుని ఎవరూ వచ్చేవారు కాదు. భూములు కొన్ని చట్టానికి, కొన్ని దావాలకు పోయాయి. ఇంటిపేరు మిగిలింది. నేను నాచారంలో ఒక మందుల కంపెనీ స్టోర్సులో పనిచేస్తూ రెండు గదుల వాటాలో ఉంటున్నాను. ఇందులో చెప్పుకోవడానికి సిగ్గుపడేది ఏమీ లేదు.

మా చినతాతగారి మనవడు ప్రసాదు పరిస్థితి వేరు. వాళ్లు ముందే అన్నీ అమ్ముకుని కోల్‌కతా చేరారు. ఇప్పుడతనికి లారీలు ఉన్నాయి. వరసకు అతనూ సుభద్రకు మేనమామే. పెళ్లి రెండు వారాలు ఉందనగా ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, నీకు సెలవు దొరకడం కష్టమట కదా. ఇబ్బంది పడకు. బుట్ట నేను పట్టుకుంటాలే."

"ఆ ఇబ్బంది నీకు రానివ్వను," అన్నాను.

అన్నానే గాని, కంపెనీలో తనిఖీ నడుస్తోంది. శుక్రవారం సాయంత్రం దాకా స్టోర్సు తాళాలు నా దగ్గరే ఉండాలి. మా ఆవిడను వారం ముందే రైలెక్కించాను. నాకు మిగిలింది శనివారం ఉదయం విమానం. నేను అంతవరకు విమానం ఎక్కలేదు.

నాకు తోచిన మొదటి చిక్కు టిక్కెట్టు గురించి కాదు. శనివారం తూర్పుకు శూల, ఆ దిక్కుకు ప్రయాణం కూడదు. కోల్‌కతా తూర్పున ఉంది. మా ఇంట్లో ఇలాంటప్పుడు ప్రస్థానం పెట్టడం ఆచారం. అంటే, మంచి ఘడియలో మనిషి తన వస్తువులు కొన్ని మూటగట్టి పొలిమేర దాటించి, తెలిసినవారి ఇంట్లో ఉంచుతాడు. అప్పుడే అతను బయల్దేరినట్టు. తర్వాత ఏ రోజు కదిలినా దోషం లేదు. ఒకటే నియమం, ఆ మూట మళ్లీ వెనక్కి ఇంటికి రాకూడదు. తాతగారు కోర్టు పనికి వెళ్లినప్పుడల్లా ఆయన చేతికర్ర, శాలువా ఆయనకన్నా ముందు ఊరు దాటేవని చెప్పేవారు.

గుడి పంతులుగారిని అడిగితే ఆయన కొంచెం తికమకపడ్డారు. "విమానాశ్రయం మనకు నైరుతి కదండీ. శూల దానికి చూడాలా, కలకత్తాకు చూడాలా?"

"విమానాశ్రయంలో పెళ్లి లేదు," అన్నాను.

గురువారం ఉదయం సంచి సర్దాను. మధుపర్కాలు, తాతగారి జరీ శాలువా, పసుపు, బియ్యం, ఒక కొబ్బరికాయ. ప్రస్థానంలో ఉంచేవి మనిషికి బదులు కాబట్టి, బాగా ఆలోచించి, నా బొమ్మ ఉన్న ఓటరు కార్డు కూడా అందులో పెట్టాను. నాకు బదులుగా అంతకన్నా సరైనది కనబడలేదు. విమానాశ్రయం గుమ్మం దగ్గర అదే చూపించాలని తెలుసు. శనివారం ఎలాగూ సంచి తీసుకునే వెళ్తాను కదా అనుకున్నాను.

ఉప్పల్ బస్‌డిపో వెనక సందులో యాదమ్మ ఇల్లు. మా కంపెనీ ప్యాకింగులో చాలాకాలం పనిచేసి మానేసిన మనిషి. సంచి తీసుకుని కళ్లకద్దుకుంది.

"కింద పెట్టకు యాదమ్మా. ఎవరినీ విప్పనివ్వకు."

"మాకు తెల్వదా సారు. మా అమ్మమ్మ గిట్లనే చేసేది. మీరు ఫికర్ చెయ్యకుండ్రి, మీ సంచి పానం లెక్క చూసుకుంట."

ఇంటికొచ్చి గోడనున్న పంచాంగం క్యాలెండరులో శనివారం సూర్యాస్తమయం చూశాను. ఆరు దాటాక. గోధూళి అంటే అదే వేళ. విమానం మధ్యాహ్నానికి చేరుతుంది, అక్కడినుంచి ఖరగ్‌పూర్‌కు లోకల్ రైళ్లుంటాయి. మా ఆవిడకు ఫోన్ చేసి ప్రస్థానం పెట్టానని చెప్పాను. ఆమె లగ్నం సంగతి ఏదో చెప్పబోతే, "నాకు తెలుసు, చూశాను," అని పెట్టేశాను.

ఉప్పల్

శనివారం కిరాయి కారు చీకటి విడుతుండగానే వచ్చింది. డ్రైవరు అంజయ్యకు నా వయసే ఉంటుంది. సామాను ఏదని చుట్టూ చూశాడు.

"సామాను ఉప్పల్‌లో ఉంది."

సంగతి విన్నాక దారంతా తనలో తాను నవ్వుకున్నాడు. "అంటే సంచి ముందుగల్ల పోయింది, మనిషి ఎన్క పోతున్నడు. మంచిగుంది సార్."

ఉప్పల్‌లో మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్వేశారు. రేకుల అడ్డుగోడల మధ్య బస్సులు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతున్నాయి. డిపో వెనక సందులోకి నడిచి వెళ్లాను. యాదమ్మ తలుపుకు తాళం వేసి ఉంది.

తట్టాను. తాళం కళ్ల ముందు ఉన్నా తట్టాను. పక్కింటి ముందు ముగ్గేస్తున్న ఆవిడ తలెత్తింది.

"ఎవలు కావాలె? యాదమ్మనా? లేదు. ఆమె అన్న సచ్చిపోయిండని రాత్రి ఖబర్ వచ్చింది. ఇంటిల్లిపాది ఘట్‌కేసర్ పోయిన్రు."

ఒకరి ఇంట్లో చావు గురించి విని, నా సంచి ఏదని ఎలా అడగడం? అడక్కుండా ఎలా ఉండడం? కార్డు లేనిదే విమానాశ్రయం గుమ్మం దాటనివ్వరు. మధుపర్కాలు లేనిదే అక్కడికి వెళ్లి చేసేదీ లేదు. "పాపం," అన్నాను. ఆవిడే నన్ను ఎగాదిగా చూసింది.

"నాచారం సారు మీరేనా? గట్ల చెప్పుండ్రి మరి. మైల ఇంట్ల పెండ్లి సంచి ఉండద్దని, ఏడ్సుకుంటనే పోయి మెయిన్ రోడ్డు మీద టైర్ల దుకాణం ఖాజా భాయ్ కాడ పెట్టింది. మీ ఇంటి దిక్కు పంపుదుమంటే వద్దన్నది. ఎన్కకు పోవద్దంట కదా."

తోబుట్టువు పోయిన రాత్రి ఆమెకు అది గుర్తుంది. నేను మళ్లీ "పాపం" అనబోయి ఆగిపోయాను. ఆ మాట చాలదనిపించింది.

ఖాజా భాయ్ దుకాణం అప్పుడే తెరుస్తున్నాడు. పాత ట్యూబులు వేలాడే కొక్కేల వరసలో, అన్నిటికన్నా పైన, నా సంచి వేలాడుతోంది. చెయ్యి చాపాను. అతను అడ్డం వచ్చాడు.

"జర ఆగండి సాబ్. మీదే అని నాకెట్ల తెలుసు? యాదమ్మ మస్తు గట్టిగ చెప్పింది, ఆ సారుకు తప్ప ఎవ్వరికీ ఇయ్యద్దని."

"లోపల నా ఫొటో ఉన్న కార్డు ఉంది."

"విప్పద్దని కూడా చెప్పింది."

ఇద్దరం సంచి వంక చూస్తూ నిలబడ్డాం. రోడ్డు మీదనుంచి అంజయ్య హారన్ మోగిస్తున్నాడు. చివరికి ఖాజా భాయ్ సంచి దింపి, నా చేతే ముడి విప్పించి, కార్డు తీసుకుని వెలుగులో పట్టుకుని ఒకసారి దాన్నీ ఒకసారి నన్నూ చూశాడు.

"ఫొటోల జర నవ్వుతున్నరు. ఇప్పుడు నవ్వుండ్రి."

నవ్వడానికి ప్రయత్నించాను.

"వద్దులే సాబ్, పొండి. లేటయితది," అని సంచి నా భుజాన వేశాడు. యాభై నోటు తీస్తే, పెళ్లి సంచికి కిరాయి ఏందని వెనక్కి నెట్టాడు.

శంషాబాద్

బేగంపేటలో విమానాశ్రయం ఉన్నప్పుడు నాచారం నుంచి సిటీబస్సులో పోయి దింపి వచ్చేవాళ్లం. శంషాబాద్ వేరే జిల్లా ప్రయాణంలా ఉంది. దిగేటప్పుడు అంజయ్య, "ఇగ సంచిని ఇడువకుండ్రి సార్," అన్నాడు.

లోపల అంతా అద్దాలు, చల్లదనం. ఇడ్లీ ప్లేటు ధర చూస్తే నాచారంలో మా వాటాలవాళ్లంతా ఆ డబ్బుతో టిఫిను చేయవచ్చు. ఆకలి లేదని నిశ్చయించుకున్నాను.

కౌంటరులో అమ్మాయి చక్కటి తెలుగులో అడిగింది. "ఈ బ్యాగు మీరే సర్దుకున్నారా సర్?"

"నేనే."

"సర్దినప్పటినుంచి మీ దగ్గరే ఉందా?"

ఆ ప్రశ్న వస్తుందని నాకెవరూ చెప్పలేదు. "లేదు," అన్నాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. "మరి ఎక్కడ ఉంది?"

"మొదట ఉప్పల్‌లో ఒకరింట్లో. తర్వాత టైర్ల దుకాణంలో."

ఆమె ఇటూ అటూ చూసి గొంతు తగ్గించింది. "సర్, ఊరికే అడుగుతాం. మీ దగ్గరే ఉందని చెప్పండి చాలు."

"లేనిదాన్ని ఉందని ఎలా చెప్పను తల్లీ?"

ఇది చదివేవారు నన్ను మూర్ఖుడనవచ్చు. నేనూ ఆ క్షణాన గడియారం చూస్తూ అదే అనుకున్నాను. అయినా మాట మార్చుకోలేదు. ఆమె ఎవరికో ఫోన్ చేసింది. యూనిఫారంలో ఉన్న ఒక ఉత్తరాది అధికారి వచ్చి నన్ను పక్కకు తీసుకెళ్లాడు. స్టీలు బల్ల మీద సంచి ఖాళీ చేశారు. నాకు వచ్చిన హిందీలో ప్రస్థానం అంటే ఏమిటో చెప్పాను. మనిషి రెండు రోజుల ముందే బయల్దేరతాడు, కానీ ఇంట్లోనే ఉంటాడు అని విని అతను నా మొహం నిదానంగా చూశాడు.

"అంటే మీరు ఇప్పుడు వచ్చారా, గురువారం వచ్చారా?"

తొడుగులు వేసుకున్న చేతులతో అతను తాతగారి శాలువా దులిపి, వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. మా ఆవిడ చిరుగులకు రఫూ చేసిన చోట్లన్నీ అవతలి వరసలోని వారికి కూడా కనిపించాయి. నేను నిటారుగా నిలబడ్డాను. చేయగలిగింది అదొక్కటే. అతను ఆ రఫూలను చూసి, వచ్చిన మడతల ప్రకారమే మళ్లీ మడిచి పెట్టాడు. అతని మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది.

సంచి యంత్రంలోంచి రెండుసార్లు వెళ్లి వచ్చింది. కొబ్బరికాయ మాత్రం చేతిసంచిలో కుదరదన్నారు. కౌంటరు అమ్మాయికి తీసుకెళ్లి ఇచ్చాను.

"మీ ఇంట్లో దేవుడికి కొట్టండి."

"డ్యూటీలో ఉన్నాను సర్," అంటూనే తీసుకుని బల్ల కింద పెట్టింది. "పరిగెత్తండి."

అరవై ఏళ్లకు చేరువైన మనిషిని, సంచి చంకన పెట్టుకుని పరిగెత్తాను. చివరగా ఎక్కింది నేనే.

మబ్బుల మీద

గాల్లో ప్రయాణం రెండు గంటల కన్నా కొంచెం తక్కువేనని పైలట్ ప్రకటించాడు. ఈ ప్రయాణం మొత్తంలో చెప్పినట్టు జరిగింది అదొక్కటే.

పక్క సీటులో ఒక బెంగాలీ పెద్దమనిషి. కంటి వైద్యానికి హైదరాబాదు వచ్చి వెళ్తున్నారు. నేను సంచిని ఒళ్లోంచి దించకపోవడం చూసి ఏమిటని ఇంగ్లీషులో అడిగారు. బుట్ట సంగతి చెప్పాను. ఆయనకు నచ్చింది.

"మా వైపు పెళ్లికూతుర్ని పీట మీద కూర్చోబెట్టి అన్నదమ్ములు ఎత్తుతారు. ఆమె తమలపాకులతో మొహం కప్పుకుంటుంది. అలాగే వరుడి చుట్టూ ఏడుసార్లు తిప్పుతారు."

"మరి మేనమామ?"

"మామ పని ముందే అయిపోతుంది. బిడ్డకు తొలి అన్నం ముద్ద పెట్టేది ఆయనే." అని నన్ను పైనుంచి కిందికి చూశారు. "మీ బుట్ట ఎంతమంది ఎత్తుతారు?"

"మేనమామ ఎత్తుతాడు."

"ఒక్కరే?"

"మా తాతగారు ఒక్కరే ఎత్తారట."

"మేము నలుగురం ఎత్తుతాం. అప్పుడు కూడా ఒకడి నడుము పట్టేస్తుంది," అని ఆయన కళ్లు మూసుకున్నారు.

హౌరా

కోల్‌కతాలో దిగేటప్పటికి నా లెక్క ప్రకారం కావలసినంత సమయం ఉంది. పసుపు రంగు అంబాసిడర్ టాక్సీ ఎక్కాను. ఊళ్లో సరస్వతి విగ్రహాలను నిమజ్జనానికి తీసుకెళ్తున్నారు. లారీల మీద తెల్లటి బొమ్మలు, డప్పులు, పసుపు చీరల్లో కాలేజీ అమ్మాయిలు. మన దగ్గర వినాయకుడికి ఎంత హడావుడో ఇక్కడ చదువుల తల్లికి అంత. వేరే రోజయితే దిగి చూసేవాణ్ని. ఆ రోజు ప్రతి లారీ నా మీద పగబట్టి అడ్డం వచ్చినట్టే ఉంది. హౌరా వంతెన మీద టాక్సీ నడిచేవారికన్నా నెమ్మదిగా కదిలింది.

లోకల్ రైల్లో కిటికీ సీటు దొరికింది. కాగితం పొట్లంలో ఆవనూనె కలిపిన మరమరాలు పది రూపాయలు. ఉదయం నుంచి తిన్నది అదే. మన పిడత కింద పప్పుకు బంధువే గాని, ఆ నూనె ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కాస్త కుదుటపడి బయటకు చూశాను.

పొలాల మీద ఎండ ఎర్రబడుతోంది.

గడియారం చూశాను. ఐదు దాటింది. ఉప్పల్‌లో ఆ వేళకు స్టేడియం కప్పు మీద ఎండ ఇంకా తెల్లగానే ఉంటుంది. గడియారం ఆగిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకున్నాను. నడుస్తోంది. పక్కవారి గడియారంలోనూ అదే సమయం. సూర్యుడు మాత్రం తాటిచెట్ల వెనక్కి జారిపోతున్నాడు.

మా ఆవిడ నుంచి ఫోన్ వచ్చింది. "ఎక్కడున్నారండీ? ఇక్కడ సంధ్య పడుతోంది."

"ఇంకా గంట ఉంది. పంచాంగంలో చూసుకునే బయల్దేరాను."

"అది మన హైదరాబాదు పంచాంగమండీ. ఇక్కడ సూర్యుడు ముందే కుంగుతాడు. మొన్న చెప్పబోతే వినిపించుకున్నారా?"

పన్నెండు వందల కిలోమీటర్ల దూరం లెక్కలో వేసుకున్నాను. ఆ దూరాన్ని సూర్యుడు కూడా దాటాలని నాకు తట్టలేదు.

"పంతులుగారు తొందరపెడుతున్నారు," అంది. తర్వాత గొంతు తగ్గించి, "ప్రసాదు బుట్ట దగ్గర నిలబడ్డాడు," అంది.

తర్వాతి స్టేషన్లన్నిటిలో రైలు ఆగింది. ప్రతి స్టేషన్లో నేను తలుపు దగ్గర నిలబడే ఉన్నాను.

ఖరగ్‌పూర్

స్టేషను బయట రిక్షా అతను, రైల్వే పనులకు వచ్చి అక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్లలో ఒకడు, నా పంచెకట్టు చూసి తెలుగులోనే పలకరించాడు. "పెల్లికా బాబూ? రాజ్యలచ్చమ్మగారి ఇంటి పెల్లికేనా? రండి, రండి. బాజాలు ఆగిపోనాయి, ఎవులి కోసమో సూస్తన్నారంట."

"నా కోసమే," అన్నాను. రోజంతటిలో ఆ మాట ఒక్కటే నాకు ధైర్యంగా వినిపించింది.

రైల్వే కాలనీ హాలు ముందు దిగేటప్పటికి పడమట ఎరుపు సన్నటి చారలా మిగిలి ఉంది. గుమ్మం దగ్గర జనం. మధ్యలో వెదురుబుట్ట, బుట్టలో సుభద్ర. పట్టుచీర ప్రసాదు తెచ్చినదే అయి ఉండాలి, అంత ఖరీదైనది. బుట్టకు ఒకవైపు ప్రసాదు ఉత్తరీయం నడుముకు బిగించి నిలబడ్డాడు. అతనికీ బుట్టకూ మధ్య మా చెల్లెలు అడ్డంగా నిలబడి ఉంది. పంతులుగారితో ఆమె అంటున్న మాట గుమ్మం బయటికి వినిపించింది.

"మా అన్నయ్య గురువారమే బయల్దేరాడండీ. ప్రస్థానం పెట్టాడు. దారిలో ఉన్న మనిషిని రాలేదని ఎలా అంటారు?"

"దారి ఎంతసేపమ్మా? లగ్నం దాటిపోతోంది."

ఎవరో నన్ను చూసి కేకేశారు. చెల్లెలు తిరిగి చూసింది. పక్కకు జరిగింది. నేను సంచి విప్పి మధుపర్కాలు ఆమె చేతిలో పెట్టాను. శాలువా భుజాన వేసుకున్నాను. స్నానం లేదు, మొహం కడుక్కోలేదు, జేబులో విమానం చీటీ ముక్క అలాగే ఉంది. వంగి బుట్ట రెండు అంచులూ పట్టుకున్నాను.

బుట్ట నేలమీదనుంచి లేవలేదు.

మళ్లీ పట్టుకున్నాను. నడుములో ఏదో కలుక్కుమంది. సుభద్ర తల వంచుకునే, నాకొక్కడికే వినబడేలా, "మెల్లగా మావయ్యా," అంది. చుట్టూ అందరూ చూస్తున్నారు. బాజాలవాళ్లు సన్నాయి నోటి దగ్గర పెట్టుకుని సైగ కోసం చూస్తున్నారు. ప్రసాదు ఒక అడుగు ముందుకు వేసి, నా మొహం చూసి, మళ్లీ వెనక్కి తగ్గాడు. నేను పిలవనిదే రాడు. చిన్నప్పుడు కూడా అంతే.

పడమట ఎరుపు నల్లబడుతోంది.

"ప్రసాదూ," అన్నాను. "అటు పట్టు."

వచ్చి పట్టుకున్నాడు. బుట్ట లేచింది. సన్నాయి అందుకుంది. ఇద్దరి భుజాలూ తగులుకుంటుండగా గుమ్మం దాటాం. మండపం దగ్గర పడుతున్నకొద్దీ అతని ఊపిరి కూడా బరువెక్కడం విన్నాను. నడుస్తూనే, మొహం ఎదర పెట్టుకునే అడిగాడు.

"విమానంలో వచ్చావటగా అన్నయ్యా. ఎంతసేపు పట్టింది?"

రెండు గంటలనే చెప్పబోయాను.

"గురువారం బయల్దేరాను," అన్నాను.